చొక్కాకు గుచ్చిన రసీదు: నార్డిక్ దేశాల యుద్ధకాలపు విరాళాల పిన్నులు

డిసెంబర్ 7న బళ్లో డబ్బా పట్టుకుని వచ్చి, చిల్లర వేసినవాళ్ల జేబుకు చిన్న కాగితపు జెండా గుచ్చడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. సాయుధ దళాల జెండా దినం అది, 1949 నుంచి జరుగుతోంది. ఆ జెండా సాయంత్రానికి నలిగి ఎక్కడో పడిపోయేది. దాచుకోవాలని మాకెవరికీ తోచలేదు. డెన్మార్క్, నార్వే, స్వీడన్, ఫిన్లాండ్‌లలో మాత్రం రెండో ప్రపంచ యుద్ధం నాటి అలాంటి చిన్న చిన్న వస్తువులు బీరువా అరల్లో, బటన్ల డబ్బాల్లో మిగిలిపోయాయి. తాతలు పోయాక మనవలు ఇల్లు సర్దుతుంటే బయటపడి వేలంపాటలకు వస్తున్నాయి.

చిక్కంతా అక్కడే మొదలవుతుంది. అమ్మేవాళ్లు ప్రతి పిన్నునూ 'ప్రతిఘటన బ్యాడ్జీ' అంటారు, అంటే శత్రువును ఎదిరించినవాళ్లు పెట్టుకున్న గుర్తని. అలా అంటే ధర పెరుగుతుంది. నిజానికి వాటిలో చాలావరకు రసీదులు. డబ్బిచ్చావు, ఇదిగో గుర్తు, ఇక ఈ వేళ నిన్నెవరూ మళ్లీ అడగరు అని చెప్పే రసీదులు. కాగితం మీద రాయకుండా చొక్కాకు గుచ్చారు, అంతే తేడా. ఆ రసీదు ఎవరు ఇచ్చారు, దేనికోసం ఇచ్చారు అన్నదాన్ని బట్టే దాని కథ మారుతుంది.

ఈ అలవాటు యుద్ధంతో పుట్టలేదు, క్షయతో పుట్టింది. 1907లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో బేడా హాల్‌బెర్గ్ అనే ఆవిడ క్షయ రోగుల కోసం ఒక పువ్వు అమ్మించారు. చిన్న పిన్నుకు తగిలించిన నీలం పువ్వు, పేరు 'మే పువ్వు'. ఖరీదు 10 ఓరె, అంటే దాదాపు ఎవరైనా కొనగలిగే చిల్లర. పెద్ద మొత్తాలిచ్చి పేపర్లో పేరు వేయించుకునే దాతల పద్ధతికి ఇది పూర్తిగా విరుద్ధం. షావుకారు కోటు మీదా, పనిమనిషి శాలువా మీదా అదే పువ్వు. ఏటా రంగు మార్చడం మరో తెలివి. పోయినేటి పువ్వు ఈ ఏడు చెల్లదు, కొత్తది కొనాల్సిందే. రంగులు మారితే దాచుకునేవాళ్లు పుట్టుకొస్తారు కదా. మే పువ్వును పిల్లలు ఇప్పటికీ ఇంటింటికీ తిరిగి అమ్ముతున్నారు, పాత రంగుల కోసం వెతికేవాళ్లూ ఉన్నారు. దీనికి మూడేళ్ల ముందే, 1904లో, ఐనార్ హోల్‌బోల్ అనే డేనిష్ పోస్టల్ ఉద్యోగి క్రిస్మస్ ఉత్తరాల మీద అంటించే విరాళపు బిళ్లను తెచ్చాడు. మన బళ్లలో అమ్మిన టీబీ సీళ్ల వంశవృక్షం మొదట్లో ఉన్నది అదే.

అంటే 1939 నాటికి అక్కడ వీధుల్లో డబ్బా ఊపే పిల్లలు, పిన్ను కొనే జనం, ఆ లెక్కలు చూసే సంఘాలు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఆ ఏడు నవంబర్ 30న సోవియట్ సేనలు ఫిన్లాండ్ మీదికి వచ్చాయి. స్వీడన్ ప్రభుత్వం యుద్ధంలోకి దిగలేదు. జనం మాత్రం 'ఫిన్లాండ్ లక్ష్యం మన లక్ష్యమే' అనే అర్థం వచ్చే నినాదం ఎత్తుకున్నారు. 8 వేల మందికి పైగా వాలంటీర్లుగా చేరారు. వెళ్లలేనివాళ్లు డబ్బు, దుప్పట్లు, చేతి తొడుగులు ఇచ్చారు. సర్కారు ఎటూ తేల్చని చోట మామూలు మనిషి తానెటువైపో చెప్పడానికి కోటు మీద బ్యాడ్జీ పనికొచ్చింది. అమెరికాలో మాజీ అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ ముందు నిలబడి ఫిన్లాండ్ సహాయ నిధి నడిపాడు. ఆ తర్వాతి ఏళ్లలో దాదాపు 70 వేల మంది ఫిన్లాండ్ పిల్లల్ని మెడలో పేరు చీటీ కట్టి స్వీడన్ ఇళ్లకు పంపారు. అందుకే అప్పటి సహాయ సామగ్రి స్వీడన్ ఇళ్లలో దొరికితే దాని వెనక ఒక్కోసారి ఒక పిల్లో పిల్లాడో ఉంటారు.

ఫిన్లాండ్ లోపల జరిగింది ఇంకా గట్టిది. 1940లో పెళ్లి ఉంగరాలు అడిగారు. బంగారం ఇస్తే బదులుగా ఇనుప ఉంగరం చేతికొచ్చేది. యుద్ధ విమానాలు కొనడానికని చెప్పారు. లక్షల మంది ఇచ్చారు. ఈ పద్ధతి పాతదే, 1813లో నెపోలియన్ మీద పోరాటానికి ప్రష్యా ఆడవాళ్లు బంగారమిచ్చి ఇనుప నగలు తీసుకున్నారు. 1940 ఫిన్లాండ్‌లో నల్లటి ఇనుము వేలికి ఉంటే ఏమీ అడగక్కర్లేదు, ఇచ్చినవాళ్లని తెలిసిపోతుంది. మన దగ్గర 1962లో చైనా యుద్ధం వచ్చినప్పుడు గాజులు తీసి రక్షణ నిధికి ఇచ్చినవాళ్లకు ఇలాంటి ఆనవాలు ఏదీ మిగల్లేదు. బంగారం కథలు పెరగడం మాత్రం అన్ని చోట్లా ఒకటే. నిజాం 5 టన్నుల బంగారం దానమిచ్చాడని ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. 1965లో ఆయన పెట్టింది 425 కిలోలు, అదీ 6.5 శాతం వడ్డీ వచ్చే గోల్డ్ బాండ్లలో.

ఇక అన్నదమ్ముల కథ. 1940 ఏప్రిల్ 9న జర్మనీ ఒకే రోజు డెన్మార్క్ మీదా నార్వే మీదా పడింది. డెన్మార్క్ రాజు పదో క్రిస్టియన్, నార్వే రాజు ఏడో హాకన్ సొంత అన్నదమ్ములు. అన్న కోపెన్‌హేగన్‌లోనే ఉండిపోయాడు. తమ్ముడు రెండు నెలలు పోరాడి జూన్ 7న లండన్ దారి పట్టాడు. ఒకే ఇంటి ఇద్దరి పొడి అక్షరాలకు ఎంత వేరు గతి పట్టిందో చూడండి.

అన్నకు ఆ సెప్టెంబర్ 26న 70 ఏళ్లు నిండాయి. పుట్టినరోజుకని ఆర్నో మాలినోవ్‌స్కీ గీసిన డిజైన్‌తో జార్జ్ జెన్సన్ సంస్థ వెండి పిన్ను చేసింది. కిరీటం, రాజు పొడి అక్షరాలు, డేనిష్ జెండా ఎరుపు తెలుపులు ఎనామెల్‌లో. వేలి గోరంత వస్తువు. వచ్చిన డబ్బు ధర్మకార్యాలకు. జర్మన్లు దేనికని అభ్యంతరం చెబుతారు? డెన్మార్క్‌లో సొంత ప్రభుత్వం 1943 ఆగస్టు దాకా నడిచింది, రాజు కూడా అక్కడే ఉన్నాడు, ముసలాయన పుట్టినరోజుకు పేదల కోసం పిన్ను కొంటే నేరమెలా అవుతుంది? అలా చట్టం మాటున పెట్టుకోగలిగిన నిరసన అది. ఆయన బాడీగార్డు లేకుండా రోజూ గుర్రం మీద ఊరు తిరిగేవాడు, పిన్ను పెట్టుకున్న జనం దారి పొడుగునా కనిపించేవారు. నాజీలు యూదుల చేత పెట్టించిన పసుపుపచ్చ నక్షత్రాన్ని వాళ్ల కోసం రాజు కూడా ధరించాడన్న కథ మాత్రం కట్టుకథ. డెన్మార్క్‌లో యూదులకే ఆ నక్షత్రం పెట్టలేదు. పిన్ను పక్కన ఆ కథ అంటించి అమ్మే వాడి దగ్గర బేరమాడకుండా వెళ్లిపోవడం మంచిది.

తమ్ముడి పొడి అక్షరాలు, 'హెచ్' లోపల 7, నార్వేలో గోడల మీదా మంచు మీదా గీసేవారు. దొరికితే జైలు. 1942 ఆగస్టు 3న ఆయనకు 70 నిండితే జనం బటన్ కాజాలో పువ్వు పెట్టుకున్నారు, అరెస్టులయ్యాయి. అంతకు ముందు ఫిబ్రవరిలో, నిరసనగా పెట్టుకుంటున్నారని ఎర్ర ఊలు టోపీలనే నిషేధించారు. డబ్బు పోగుచేసే పని అక్కడా సాగింది, కానీ పొరుగువాళ్ల చేతుల్లో. స్వీడన్ నుంచి వచ్చిన సాయంతో నార్వే బళ్లలో పిల్లలకు పోసిన సూప్‌కు 'స్వీడిష్ సూప్' అనే పేరు ఉండిపోయింది, డెన్మార్క్ నుంచి కూడా తిండి వచ్చేది.

వేలంపాటల్లో ఇప్పుడు ఈ పిన్నులతో పాటు అవతలి పక్షం సరుకూ కలిసే వస్తుంది. జర్మనీలో నాజీలు 1933 నుంచి 'చలికాలపు సాయం' పేరుతో వీధి వసూళ్లు నడిపారు. చెక్క, గాజు, పింగాణీ, ప్లాస్టిక్ బ్యాడ్జీలు, బొమ్మల సెట్లు. మొత్తం సెట్టు కావాలంటే మళ్లీ మళ్లీ కొనాలి. మే పువ్వు తెలివినే బెదిరింపుతో కలిపారు, కోటు ఖాళీగా కనిపిస్తే ఇబ్బందే. ఫిన్లాండ్ మహిళా సహాయ సంఘం లోటా స్వార్డ్ బ్యాడ్జీ మరో తికమక. నీలం స్వస్తిక్, గులాబీలు. మనకు గుమ్మం మీద స్వస్తిక్ కొత్త కాదు కాబట్టి ఉలిక్కిపడం, యూరప్‌లో కొనేవాడు ఉలిక్కిపడతాడు. అది 1921 నాటి డిజైన్, ఫిన్లాండ్ వైమానిక దళం 1918లోనే తీసుకున్న నీలం స్వస్తిక్ దారిలో వచ్చింది. ఆ గుర్తు వేసిన విమానాన్ని దళానికి ఇచ్చిన స్వీడిష్ కౌంట్ ఎరిక్ వాన్ రోసెన్ తర్వాత నాజీలకు దగ్గరయ్యాడన్నదీ నిజమే. పైగా అది సభ్యుల గుర్తు, విరాళం ఇస్తే వచ్చేది కాదు. 1944 నవంబర్‌లో సోవియట్‌తో కుదిరిన సంధి షరతుల కింద సంఘాన్నే రద్దు చేశారు, చాలామంది బ్యాడ్జీలు దాచేశారు.

కాబట్టి కొనేవాళ్లు ముందు వైపు చూసి మురిసిపోకుండా పిన్ను తిప్పి చూడాలి. తయారీ ముద్ర, సూది కొక్కెం ఎలా ఉందో, లోహం ఏమిటో. యుద్ధం ముదిరే కొద్దీ మంచి లోహం కరువైంది, నార్వేలో చిల్లర నాణేలే ఇనుముతో, జింకుతో కొట్టారు. 1944 నాటిదని చెప్పి మెరిసే బరువైన పిన్ను చేతిలో పెడితే అనుమానించాల్సిందే.

అన్నిటికన్నా గుర్తుపట్టడం కష్టమైనది నార్వేవాళ్ల పేపర్ క్లిప్పు. 1940 శరదృతువులో ఓస్లో యూనివర్సిటీ విద్యార్థులు కోటు మడతకు క్లిప్పు పెట్టుకోవడం మొదలెట్టారు. కాగితాల్ని కలిపి పట్టుకున్నట్టు మనమూ కలిసుందామని. దానికి ఎవరూ డబ్బు అడగలేదు. త్వరలోనే నిషేధించారు. క్లిప్పు కనిపెట్టింది నార్వే మనిషి యోహాన్ వాలర్ కాబట్టే దాన్ని ఎంచుకున్నారన్న కథ తర్వాత అల్లింది. ఆయన పేటెంట్ తీసుకున్న క్లిప్పు ఆకారమే వేరు, 1989లో ఓస్లో దగ్గర పెట్టిన పెద్ద క్లిప్పు విగ్రహం కూడా ఆయన డిజైన్ కాదు. ఆ రోజుల క్లిప్పు మీద ముద్ర ఉండదు, తేదీ ఉండదు, ఎనామెల్ ఉండదు. పక్కన కోటు వేసుకున్న మనిషి ఫొటోనో, ఇంటివాళ్లు రాసిన చీటీనో లేకపోతే అది మన ఆఫీసు డ్రాయర్లో ఉన్న క్లిప్పే.