రోటరీ టేబుల్: ప్లే తీసేయాలనే తొందర, మరికొన్ని అపోహలు - వాస్తవాలు

మిల్లింగ్ మెషీన్ మీద రోటరీ టేబుల్ (జాబ్‌ను, అంటే పని ముక్కను బిగించి కావాల్సిన కోణానికి తిప్పే గుండ్రటి బల్ల) వాడేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒక్కటే: "హ్యాండిల్‌లో ప్లే ఉంది, ఎలా తీసేయాలి?" ప్లే అంటే హ్యాండిల్ తిప్పినా టేబుల్ కదలని ఆ కాస్త ఖాళీ కదలిక. అడిగేలోపే సగం మంది ఏదో ఒక స్క్రూ బిగించేసి ఉంటారు.

అపోహ: బ్యాక్‌లాష్ (గేర్ పళ్ల మధ్య ప్లే) అసలు ఉండకూడదు

వర్మ్‌కీ (హ్యాండిల్‌తో తిరిగే మరలాంటి గేర్), వర్మ్ వీల్‌కీ (అది తిప్పే, టేబుల్ కింది పళ్ల చక్రం) మధ్య కాస్త సందు ఉండాల్సిందే. ఆయిల్ నిలిచేది అందులోనే. పైగా ఏళ్ల తరబడి వాడిన వీల్ చుట్టూ ఒకేలా అరగదు. ఎప్పుడూ ఒకే పావు చుట్టులో పని చేస్తే అక్కడి పళ్లే ఎక్కువ అరుగుతాయి. అరిగిన చోట ప్లే పోయేలా బిగించారనుకోండి, అరగని చోటికి రాగానే హ్యాండిల్ పట్టేస్తుంది. బలవంతంగా తిప్పితే వీల్ పళ్లు దెబ్బతింటాయి.

అందుకే ముందు లాకులు వదిలి, టేబుల్‌ను పూర్తిగా ఒక చుట్టు తిప్పండి. హ్యాండిల్ ఎక్కడ బరువుగా తిరుగుతుందో అక్కడ గుర్తు పెట్టుకోండి. సెట్టింగ్ చేయాల్సింది అక్కడే. చాలా టేబుళ్లలో వర్మ్ ఒక ఎక్సెంట్రిక్ స్లీవ్‌లో (రంధ్రం నడిమధ్యన కాక ఓ పక్కకు ఉన్న గొట్టం) ఉంటుంది. స్లీవ్‌ను తిప్పితే వర్మ్ వీల్‌కు దగ్గరవుతుంది, లేదా పూర్తిగా విడిపోతుంది. గుర్తు పెట్టిన చోట హ్యాండిల్ సాఫీగా తిరిగేలా ఉంచి స్లీవ్‌ను బిగించేయండి. మిగతా చోట్ల కొంచెం ప్లే మిగులుతుంది, ఉండనివ్వండి.

అపోహ: ప్లే అంతా పళ్ల మధ్యే ఉంటుంది

ఒకసారి నేను ఒక పూటంతా ఆ స్లీవ్‌తో కుస్తీ పట్టాను. తీరా చూస్తే వర్మ్ షాఫ్టే ముందుకూ వెనక్కూ కదులుతోంది, దాని లాక్‌నట్ వదులైంది! షాఫ్ట్ చివర డయల్ గేజ్ ఆనించి, టేబుల్‌ను చేత్తో అటూ ఇటూ నెట్టి చూడండి. ముల్లు కదిలితే ముందు ఆ ఎండ్ ప్లే సరిచేయాలి. పళ్ల సంగతి తర్వాత.

అపోహ: ప్లే ఉంటే కోణం సరిగ్గా రాదు

ఎప్పుడూ ఒకే వైపు నుంచి కొలతకు చేరితే వస్తుంది. గీత దాటిపోయారా, ప్లేకి మించి వెనక్కి తిప్పి మళ్లీ రండి. తర్వాత లాక్ వేయండి. లాక్ బిగించేటప్పుడు కూడా టేబుల్ వెంట్రుకవాసి జరగొచ్చు, కాబట్టి ఖరీదైన జాబ్ అయితే గేజ్ పెట్టి చూసుకోవాలి.

అసలు టెన్షన్ గుండ్రంగా మిల్లింగ్ చేసేటప్పుడు, ఎందుకంటే అప్పుడు లాక్ పూర్తిగా వేయలేం. కటర్ తిరిగే దిశలోనే జాబ్‌ను నడిపితే, ఆ ప్లే ఉన్నంత మేరా కటర్ టేబుల్‌ను ఒక్కసారిగా లాగేసుకుంటుంది. కటర్‌కు ఎదురుగా ఫీడ్ ఇవ్వండి, లాక్‌ను సగం బిగించి టేబుల్‌కు కాస్త పట్టు ఇవ్వండి.

అపోహ: వెర్నియర్ (డయల్ పక్కనుండే సన్న గీతల కొలత) 10 సెకన్ల కోణం చూపిస్తే టేబుల్ కూడా అంత కచ్చితం

అది మీరు చదవగలిగే గీత మాత్రమే, వీల్ పళ్ల కచ్చితత్వం కాదు. 100 మి.మీ. వ్యాసార్థం దగ్గర ఒక నిమిషం కోణం అంటే సుమారు 0.029 మి.మీ. సెంటరింగ్‌లో చేసే తప్పు చాలాసార్లు దీనికంటే పెద్దది. స్పిండిల్‌లో గేజ్ పెట్టి సెంటర్ బోర్ చుట్టూ తిప్పితే మొత్తం 0.06 తేడా వచ్చిందంటే, సెంటర్ తప్పింది అందులో సగం, 0.03.

ఏడు భాగాలు చేయాల్సి వస్తే 51°25′43″ను ఏడుసార్లు కూడుకుంటూ పోకండి. 90:1 టేబుల్‌కు (హ్యాండిల్ 90 చుట్లకు టేబుల్ ఒక చుట్టు) డివైడింగ్ ప్లేట్ (రంధ్రాల వరుసలున్న పలక) ఉంటే 21 రంధ్రాల వరుస పెట్టి, ప్రతిసారీ 12 చుట్లు, 18 రంధ్రాలు తిప్పండి. మిగులు తేడా ఉండదు.

అపోహ: ఏ గేర్ ఆయిల్ అయినా ఒకటే

కొన్ని ఈపీ (ఎక్కువ ఒత్తిడికి తట్టుకునే) ఆయిళ్లలోని గంధకం కంచు వీల్‌ను తినేస్తుంది. మాన్యువల్‌లో చెప్పిన ఆయిలే పోయండి. ఆయిల్ పాలలా మారితే లోపలికి కూలెంట్ చేరినట్టే, మొత్తం తీసేసి కడగాలి. ఇక ఎయిర్ గన్‌తో రజను ఊదే అలవాటు ఉంటే మానేయండి. టేబుల్ అంచు సందులోంచి ఆ రజనును లోపలికి తోసేది అదే. బ్రష్ చాలు.