జ్వరం తగ్గాక జుట్టు ఊడుతోందా? షాంపూను తిట్టకండి

అపోహ: "షాంపూ మార్చాకే మొదలైంది డాక్టర్. లేకపోతే బోరు నీళ్లయినా అయ్యుండాలి."

వాస్తవం: క్యాలెండర్ రెండు మూడు నెలలు వెనక్కి తిప్పండి. డెంగీ, టైఫాయిడ్, కాన్పు, ఆపరేషన్, ఇంట్లో ఒక చావు, కడుపు మాడ్చుకుని చేసిన డైటింగ్... వీటిలో ఏదో ఒకటి అక్కడ కనిపిస్తుంది. తల మీది సుమారు లక్ష వెంట్రుకల్లో మామూలుగా 10-15 శాతం విశ్రాంతి దశలో ఉంటాయి. ఒంటికి గట్టి దెబ్బ తగిలితే, పెరుగుతున్నవి కూడా గుంపుగా ఆ దశలోకి వెళ్లిపోతాయి. వెళ్లిన వెంటనే రాలవు, రెండు మూడు నెలలు ఆగుతాయి. సెప్టెంబరు జ్వరానికి డిసెంబరులో దువ్వెన నిండుతుంది. ఆ వారం కొత్తగా కొన్న షాంపూ మీద నింద పడుతుంది!

"కుదుళ్లతో సహా వచ్చేస్తోంది" అని కొందరు పొట్లం కట్టి మరీ తెస్తారు. వెంట్రుక చివరి తెల్లటి బుడిపె కుదురు కాదు. విశ్రాంతి ముగించుకున్న వెంట్రుక అలాగే రాలుతుంది. కుదురు చర్మం లోపల భద్రంగా ఉంది.

భయపడి తలంటు మానేస్తే, వారం రోజులవి ఒకేసారి చేతికొస్తాయి. రోజుకు వంద దాకా రాలడం మామూలే. ఈ దశలో రెండు మూడు వందలూ ఉండొచ్చు. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందా? రాదు. బట్టతల అయిపోతుందా? కాదు.

బయోటిన్ (ఒక బి విటమిన్) బిళ్లల సంగతి మాత్రం వినండి. లోపం లేనివాళ్లకు వాటితో మేలు జరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. పైగా థైరాయిడ్ పరీక్షను తప్పుగా చూపించగలవు. రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు ఆపి, ఆ సంగతి ల్యాబులో చెప్పండి. సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చాలు, వేల రూపాయల ప్యాకేజీ అక్కర్లేదు.

కొన్ని మందులూ కారణమే: ఫిట్స్‌కు వాడే సోడియం వాల్ప్రోయేట్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్, కొన్ని బీపీ మాత్రలు. అలాగని జుట్టు కోసం ఫిట్స్ మందు మీ అంతట మీరు ఆపేయకండి. రాసిన డాక్టరుతో మాట్లాడండి.

రూపాయి బిళ్లంత నున్నటి మచ్చలు, పొలుసులు, రోజురోజుకీ వెడల్పవుతున్న పాపిడి ఉన్నా, ఊడటం ఆరు నెలలు దాటినా ఇది వేరే లెక్క, చూపించుకోండి.

కారణం పోయాక ఊడటం మూడు నుంచి ఆరు నెలల్లో సద్దుమణుగుతుంది. కొత్త జుట్టు నెలకు ఒక సెంటీమీటరే, జడ మునుపటి లావుకు ఏడాది పైనే. ఈలోగా నుదుటి దగ్గర నిక్కబొడుచుకునే పొట్టి వెంట్రుకలు విరిగినవేమో అని బెంగ పడకండి. కొస సూదిలా సన్నగా ఉంటే కొత్తవి. మొద్దుగా ఉంటే విరిగినవి.