జ్వరం దిగిన రోజే గండం

"సిస్టర్, బాబుకి జ్వరం దిగిపోయింది. ఇంటికి తీసుకెళ్లొచ్చా?" డెంగీ వార్డులో రోజూ వినపడే మాట ఇది. దాని వెనకే ఇంకోటి: "కౌంట్ ఎంతుంది?" నిన్న లక్షా ఇరవై వేలున్న ప్లేట్‌లెట్లు ఇవాళ అరవై వేలయ్యాయంటే ఇంటిల్లిపాదికీ టెన్షన్.

నిజానికి ప్లేట్‌లెట్లు మలేరియాలోనూ పడిపోతాయి. కౌంట్ తగ్గింది కాబట్టి డెంగీయే అనుకుని రక్తపు పూత పరీక్ష (గాజు పలక మీద రక్తం పూసి మలేరియా క్రిమిని వెతికేది) చేయించకపోతే, ముఖ్యంగా ఏజెన్సీ ప్రాంతాల్లో, మలేరియాల్లో ప్రాణాంతకమైన రకం, ఫాల్సిపారం, చేయి దాటిపోతుంది. మగత, తికమక మాటలు, పచ్చబడ్డ కళ్లు, ముదురు రంగు మూత్రం దాని ప్రమాద గుర్తులు. దోమ పొట్టలో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న చూశాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఒక్క చుక్క రక్తం చూడకుండా వదిలేయడం నాకు బాధగా ఉంటుంది.

ఇక డెంగీలో ఎక్కువగా ప్రాణం మీదికి తెచ్చేది కౌంట్ కాదు, కారిపోవడం. జ్వరం మొదలైన 3 నుంచి 7 రోజుల మధ్య, ఒళ్లు చల్లబడే వేళకి, కొందరిలో సన్నటి రక్తనాళాల గోడలు వదులవుతాయి. రక్తంలోని నీటి భాగం పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. నాళాల్లో మిగిలింది, మరిగిన చారులా చిక్కబడుతుంది. రిపోర్టులో పీసీవీ అనే అంకె చెప్పేది ఈ చిక్కదనాన్నే. అది 38 నుంచి 46కి పెరిగితే డాక్టర్లు ఉలిక్కిపడతారు.

బీపీ కూడా చూడండి. 100/80 అని రాసి ఉంటుంది. వంద ఉంది కదా అని మనకు ధైర్యం. కానీ పై అంకెకీ కింది అంకెకీ తేడా 20కి వచ్చిందంటే షాక్, అంటే ఒంటికి రక్తం సరిగా అందని స్థితి, మొదలైనట్టే. అప్పటికీ పిల్లవాడు మాట్లాడుతూనే ఉంటాడు. పాదాలు పట్టుకుని చూస్తే మాత్రం చల్లగా తగులుతాయి. విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మందకొడితనం, మూత్రం తగ్గడం ఏది కనిపించినా, జ్వరం లేకపోయినా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఒళ్లునొప్పులకి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేయకూడదు, రక్తస్రావం పెరుగుతుంది.

ఈ గండం 24 నుంచి 48 గంటలే. అప్పుడు సెలైన్ కొలిచి ఎక్కించాలి. తర్వాత కారిన నీరంతా తిరిగి నాళాల్లోకి వస్తుంది. "నీరసంగా ఉన్నాడు, ఇంకో బాటిల్ పెట్టండి" అని బతిమాలితే ఆ అదనపు నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం తెస్తుంది.

కోలుకునే వేళకి కాళ్ల మీద ఎర్రటి దద్దురు, మధ్యమధ్య తెల్లటి మచ్చలు, విపరీతమైన దురద. చూసి కంగారుపడతారు గానీ అది తగ్గుతున్న గుర్తు. మూత్రం ధారాళంగా వస్తుంది. కౌంట్ ఇంకా పూర్తిగా పెరక్కముందే పిల్లవాడు "ఆకలేస్తోందమ్మా" అంటాడు.