సి డ్రైవ్ లేని ఊళ్లో

కడపలో మా చిన్నాన్న కొడుకు బట్టల షాపుకు బిల్లింగ్ ప్రోగ్రాం నేనే రాసిచ్చాను. బిల్లు కొట్టగానే కస్టమరు ఫోనుకు మెసేజ్ పోవాలి. మెసేజ్ సర్వీసు వాళ్లు ఒక కీ ఇస్తారు, పొడవాటి పాస్‌వర్డ్ లాంటిది. ప్రోగ్రాం మొదటిసారి దాన్ని అడిగి ఒక ఫైల్లో రాసిపెట్టుకుంటుంది. ఆ ఫైలు ఎక్కడుండాలో కోడ్‌లోనే రాసేశాను: సి:\షాపు\కీ. ఏడాది పాటు ఏ గొడవా లేదు.

తర్వాత వాడు అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర రెండో షాపు తెరిచాడు. అక్కడ పెట్టింది విండోస్ బదులు లినక్స్‌తో నడిచే కంప్యూటర్. సి డ్రైవే ఉండదు కదా, ప్రోగ్రాం మొరాయిస్తుందేమోనని టెన్షన్ పడుతూ ఫోన్ చేశాను. “మెసేజీలు బాగనే పోతాండాయి అన్నా” అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. నాకు అనుమానం రావాల్సింది అక్కడే.

లినక్స్‌లో ఫైలు పేరుకు పనికిరానివి రెండే: / గుర్తు, విలువ సున్నా అయిన బైటు. \ అక్కడ మామూలు అక్షరం. అందుకే నేను రాసిన పాత్‌ను, అంటే ఫైలు చిరునామాను, అది పాత్‌గా చదవనే లేదు. మొత్తాన్నీ ఒకే పేరుగా తీసుకుని, ‘సి:\షాపు\కీ’ అనే వింత ఫైలును ప్రోగ్రాం నడుస్తున్న ఫోల్డర్‌లోనే పుట్టించింది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. ఒకరోజు నేను వెళ్లి చిన్న సవరణ చేసి, ఆ ఫోల్డర్ మొత్తాన్ని గిట్‌తో (కోడ్ వెర్షన్లన్నీ దాచిపెట్టే పనిముట్టు) ఆన్‌లైన్‌లోకి ఎక్కించాను. దాంతోపాటే కీ కూడా ఎక్కింది. కడపలో కీ ఫైలు కోడ్ ఫోల్డర్ బయట ఉండేది కాబట్టి, దాన్ని వదిలేయమని గిట్‌కు ముందే చెప్పాలన్న ఆలోచన రాలేదు. ఇప్పుడు తుడిచినా గిట్ పాత వెర్షన్లలో ఉండనే ఉంటుంది. కీని రద్దు చేయించి కొత్తది తీసుకోవాల్సి వచ్చింది.

ఈ రెండు గీతల తగాదా పాతది. లినక్స్ పోలికలు తీసుకున్న యునిక్స్‌ది మొదటినుంచీ /. విండోస్‌కు ముందు వచ్చిన డాస్ మొదటి వెర్షన్‌లో ఫోల్డర్లే లేవు, / గుర్తును కమాండ్ల ఆప్షన్లకు వాడేసుకున్నారు. 1983లో డాస్ 2.0తో ఫోల్డర్లు వచ్చేసరికి ఆ గుర్తు ఖాళీగా లేదు. దాని అద్దంలో బొమ్మలాంటి \ దొరికింది. నలభై ఏళ్లు దాటినా ఆ సర్దుబాటునే మోస్తున్నాం.

గుర్తు ఒక్కటే అయితే సులువుగానే తేలేది. విండోస్ కూడా లోపల చాలాచోట్ల /ను ఒప్పుకుంటుంది. అసలు చిక్కు చిరునామాతో. కర్నూలులో ఇల్లు చెప్పాలంటే కొండారెడ్డి బురుజు నుంచి మొదలుపెడతాం. ఆ ఆనవాలు పట్టుకుని కడపలో వెతికితే ఏడురోడ్ల చుట్టూ తిరగడమే. అదే “నీ ఇంట్లో బీరువాలో పెట్టు” అంటే ఏ ఊరివాళ్లకైనా అర్థమవుతుంది. ప్రోగ్రాం కూడా ఏ మెషీన్ మీద నడుస్తోందో దాన్నే “ఇల్లెక్కడ?” అని, అంటే యూజర్ సొంత ఫోల్డర్ ఎక్కడుందని, అడగాలి. పైథాన్ భాషలో 2014 నుంచి ఉన్న పాత్‌లిబ్ ఆ పని చేసిపెడుతుంది. పాత్ ముక్కల్ని ఆ సిస్టమ్‌కు తగ్గ గుర్తుతో తనే అతుకుతుంది. బీరువా ఉండే చోటు మాత్రం ఇంటికో తీరు: విండోస్‌లో యాప్‌డేటా, మ్యాక్‌లో లైబ్రరీ కింద అప్లికేషన్ సపోర్ట్, లినక్స్‌లో చుక్కతో మొదలయ్యే కాన్ఫిగ్. పేరు ముందు చుక్క ఉంటే మామూలు జాబితాలో కనపడదు, అంతే. తాళం పడినట్టు కాదు.

ఇంటికి ~ అని పొట్టి గుర్తు కూడా ఉంది. ఎడిఎం-3ఎ అనే పాత టెర్మినల్‌లో హోమ్, ~ ఒకే మీట మీద ఉండేవి. అలవాటు అక్కడినుంచి వచ్చింది. కానీ దాన్ని ఇల్లుగా మార్చి చదివేది మనం టైప్ చేసే కమాండ్లను అందుకునే షెల్, ఆపరేటింగ్ సిస్టమ్ కాదు. కోడ్‌లో నేరుగా రాస్తే నిజంగానే ~ అనే పేరున్న ఫోల్డర్ కోసం వెతుకుతుంది.

ఇక తాళం, అంటే ఫైలును ఎవరు చదవొచ్చు, ఎవరు రాయొచ్చు అన్న అనుమతి. లినక్స్, మ్యాక్‌లలో చదవడానికి 4, రాయడానికి 2. యజమానికి రెండూ ఉండి (6), అతని గుంపుకూ మిగతావాళ్లకూ ఏదీ లేకపోతే (0, 0) 600. చాలా మెషీన్లలో కొత్త ఫైలు 644గా పుడుతుంది, అంటే ఆ మెషీన్‌లో ఎవరైనా చదవొచ్చు. అలాంటి ప్రైవేటు కీని ఇస్తే ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి లాగిన్ చేయించే ప్రోగ్రాం) పెద్దక్షరాల్లో తిట్టి పక్కన పడేస్తుంది. పుట్టాక 600 చేస్తే మధ్యలో ఒక క్షణం తలుపు తెరిచి ఉంటుంది, కాబట్టి పుట్టించేటప్పుడే ఆ అంకె ఇవ్వాలి. విండోస్‌లో ఈ లెక్క చెల్లదు. పైథాన్‌లో 600 పెట్టమన్నా, రాయడానికి వీల్లేకుండా చేసే ఒక్క గుర్తును తప్ప దేన్నీ తాకదు. అక్కడ కాపలా యూజర్ ఫోల్డర్‌కున్న అనుమతులదే. నేను సి డ్రైవ్ మొదట్లోనే ఫోల్డర్ పెట్టి ఆ కాపలానూ వదులుకున్నాను. అంటే కడప షాపులో ఏడాది పాటు ఎవరు లాగిన్ అయినా కీ చదవగలిగేవాళ్లే.

అసలు ఫైలే లేకుండా పాస్‌వర్డ్‌లు దాచిపెట్టే విండోస్ క్రెడెన్షియల్ మేనేజర్‌కో, మ్యాక్ కీచెయిన్‌కో, లినక్స్‌లో గ్నోమ్ కీరింగ్‌కో అప్పగించడం మేలు. పాత్ గొడవే ఉండదు. అనంతపురంలో అదీ ప్రయత్నించాను. కౌంటర్ కంప్యూటర్ పాస్‌వర్డ్ అడక్కుండా దానంతటదే లాగిన్ అవుతుంది కాబట్టి కీరింగ్ తాళం తెరుచుకోలేదు, రోజూ పొద్దున్నే పాస్‌వర్డ్ అడగడం మొదలుపెట్టింది. షాపు తెరిచే కుర్రాడు రెండో రోజుకే విసుక్కున్నాడు. చివరికి ఆ మెషీన్ ఇంట్లో పెట్టిన 600 ఫైలుతోనే సర్దుకున్నాను.

ఆ వింత పేరు ఫైలు తుడవడానికి మాత్రం పావుగంట పట్టింది. షెల్‌కు \ మళ్లీ వేరే అర్థం. పేరును కొటేషన్లలో పెట్టాలని గుర్తొచ్చేదాకా, అలాంటి ఫైలే లేదని అది చెబుతూనే ఉంది.