గుండెలో కణితి: అపోహలు - వాస్తవాలు

గుండె స్కాన్ అయిన ఎకో రిపోర్టులో 'మాస్' (గడ్డ) అన్న మాట చూడగానే ఇంటిల్లిపాదికీ క్యాన్సరే గుర్తొస్తుంది. గుండె ఆపరేషన్లు చేసే మేం ముందు అడిగేవి వేరు: అది ఏ గదిలో ఉంది, దేన్ని పట్టుకుని ఉంది, ఎంత కదులుతోంది?

అపోహ: గుండెలో గడ్డ అంటే క్యాన్సరే.

వాస్తవం: గుండెలోనే పుట్టే కణితులు చాలా అరుదు. వాటిలోనూ దాదాపు నాలుగింట మూడు వంతులు క్యాన్సర్ కానివే. పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించేది మిక్సోమా. అది చాలావరకు ఎడమ కర్ణికలో (గుండె పైగదిలో), రెండు కర్ణికల మధ్య గోడకు చిన్న కాడతో వేలాడుతుంటుంది. కణితి కుడి కర్ణికలో గోడలోకి చొచ్చుకుపోయి, గుండె చుట్టూ ఉండే సంచిలో నీరు చేరితే మాత్రం యాంజియోసార్కోమా అనే క్యాన్సర్‌ను అనుమానిస్తాం. అన్నట్టు, గుండెలో కనిపించే క్యాన్సర్లలో అత్యధికం ఊపిరితిత్తులు, రొమ్ము లాంటి వేరే చోట్ల నుంచి వచ్చినవే. కిడ్నీ క్యాన్సరైతే ఏకంగా పెద్ద సిర వెంబడి కుడి కర్ణిక దాకా పాకగలదు.

అపోహ: ఎకోలో కనిపించిందంటే కణితే.

వాస్తవం: చాలాసార్లు అది గడ్డకట్టిన రక్తమే. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (కర్ణికలు లయ తప్పి కొట్టుకోవడం) ఉన్నవారికి ఎడమ కర్ణిక మూలలో, గుండెపోటు వచ్చినవారికి ఎడమ జఠరిక (కింది గది) కొనలో ఏర్పడుతుంది. పిండ దశ నుంచి మిగిలిపోయిన పొరలు కూడా కొత్తవాళ్లను బోల్తా కొట్టిస్తాయి. అనుమానం తీరకపోతే గొంతు గుండా ఎకో, ఆపైన కాంట్రాస్ట్ (నరంలోకి ఎక్కించే, స్కాన్‌లో స్పష్టత పెంచే మందు)తో ఎంఆర్ఐ చేయిస్తాం. గడ్డకట్టిన రక్తంలో రక్తనాళాలుండవు కాబట్టి అది సాధారణంగా కాంట్రాస్ట్ పీల్చదు. రక్తం పలచబడే మందులతో కరిగిపోయేదానికి ఛాతీ తెరవడమెందుకు?

అపోహ: క్యాన్సర్ కాదన్నారుగా, నిదానంగా చూద్దాం.

వాస్తవం: నన్ను ఎక్కువగా భయపెట్టే మాట ఇదే. మిక్సోమా మెత్తగా, జిగురుగా ఉంటుంది. ముక్క తెగి మెదడుకు చేరితే పక్షవాతం. ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ మధ్య ఉండే మైట్రల్ కవాటంలోకి జారి రక్తానికి అడ్డుపడితే ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం. కొందరికి పడుకునే భంగిమ మార్చగానే ఆయాసం పెరగడమో తగ్గడమో జరుగుతుంది. కణితి విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-6 అనే వాపు కలిగించే ప్రోటీన్ వల్ల జ్వరం, బరువు తగ్గడం, ఈఎస్ఆర్ (ఒంట్లో వాపును సూచించే రక్తపరీక్ష) పెరగడం కూడా ఉండొచ్చు. దాంతో ఎన్నాళ్లో జ్వరానికే మందులు వాడుతూ గడిపేసేవాళ్లున్నారు. మిక్సోమా అని తేలాక ఆపరేషన్‌ను వాయిదా వేయకూడదు. కవాటాల మీద వచ్చే పాపిల్లరీ ఫైబ్రోఎలాస్టోమా అనే క్యాన్సర్ కాని కణితి సెంటీమీటరు మాత్రమే ఉన్నా పక్షవాతం తేగలదు, కాబట్టి 'చిన్నదే' అన్న ధీమా కూడా పనికిరాదు.

అపోహ: ముందు ముక్క తీసి పరీక్షించాల్సిందే.

వాస్తవం: ఎడమ వైపు కదులుతున్న కణితిని సూదితో కదిపితే ముక్కలు తెగే ప్రమాదముంది. అందుకే మొత్తం తీశాకే ల్యాబ్‌కు పంపుతాం. కుడి వైపు లింఫోమా (తెల్లరక్తకణాల క్యాన్సర్) అనుమానం ఉంటే మాత్రం బయాప్సీ (ముక్క తీసి పరీక్షించడం) ముఖ్యం. దానికి ప్రధాన చికిత్స కీమోథెరపీ, కత్తి కాదు.

అపోహ: గడ్డను గిల్లి తీసేస్తే సరి.

వాస్తవం: రోగిని హార్ట్ లంగ్ మెషిన్ (గుండె, ఊపిరితిత్తుల పనిని చేసే యంత్రం) మీద పెట్టి, మహాధమనికి క్లాంప్ వేసేదాకా గుండెను వీలైనంత తక్కువ తాకుతాం. గుండె ఆగాక కాడతో పాటు అది అంటుకున్న గోడను కొంత కత్తిరించి, రంధ్రాన్ని పెరికార్డియం (గుండె చుట్టూ ఉండే సంచి) ముక్కతో పూడుస్తాం. మిగతా గదుల్లోనూ వెతుకుతాం. 1954లో స్టాక్‌హోమ్‌లో సర్జన్ క్లారెన్స్ క్రాఫోర్డ్ ఈ మెషిన్ సాయంతో తొలిసారి మిక్సోమాను విజయవంతంగా తొలగించారు. అంతకుముందు ఈ జబ్బు ఎక్కువగా శవపరీక్షలోనే బయటపడేది.

అపోహ: పసిపిల్లల్లోనూ వెంటనే కోయాలి.

వాస్తవం: వాళ్లలో ఎక్కువగా వచ్చే రాబ్డోమయోమా అనే గుండె కండర కణితి చాలావరకు దానంతటదే కుంచించుకుపోతుంది. రక్తప్రవాహానికి అడ్డుపడితేనో, మందులకు లొంగని లయ సమస్య ఉంటేనో ఆపరేషన్. ట్యూబరస్ స్క్లెరోసిస్ (పలు అవయవాల్లో గడ్డలు తెచ్చే జన్యు వ్యాధి) ఉందేమో చూడటం మాత్రం తప్పనిసరి.

అపోహ: తీసేశాక ఇక రాదు.

వాస్తవం: చాలామందికి రాదు. చిన్న వయసులోనే, ఒకటికి మించి కణితులు, చర్మంపై నల్ల మచ్చలు ఉంటే కార్నీ కాంప్లెక్స్ అనే వంశపారంపర్య సమస్య ఉందేమో చూస్తాం. వీరిలో మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే ఏటేటా ఎకో చేయించుకోమంటాం, తోబుట్టువులనూ పిల్లలనూ కూడా పరీక్షకు తీసుకురమ్మంటాం.