ఫైనాన్స్ బండి, కోర్టు కేసు: కొన్ని అపోహలు, వాస్తవాలు

విజయవాడ కోర్టుల్లో వాహన రుణాల దావాలు చూసే న్యాయవాదిగా నా దగ్గరకు వచ్చే కక్షిదారుల్లో ఆటోనగర్ లారీ యజమానులు, గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తోలే మినీ ట్రక్కుల వారు, ఆటో డ్రైవర్లు ఎక్కువ. వాయిదాలు తప్పడానికి ఎవరి కారణం వారిదే అయినా, చట్టం గురించి వారు నమ్మి వచ్చే మాటలు మాత్రం దాదాపు ఒకటే.

అపోహ: వాయిదా తప్పితే బండిని రోడ్డు మీద ఆపి ఎలాగైనా లాక్కుపోవచ్చు.

ఇందులో సగమే నిజం. హైర్ పర్చేజ్ (వాయిదాల మీద కొనే) ఒప్పందంలో వాయిదాలన్నీ తీరేదాకా ఫైనాన్స్ సంస్థే యజమాని అనీ, వాయిదా తప్పినప్పుడు అది బండిని స్వాధీనం చేసుకోవడం నేరం కాదనీ సుప్రీంకోర్టు 2020లో మాగ్మా ఫిన్‌కార్ప్ కేసులో చెప్పింది. ముందుగా నోటీసు ఇవ్వాలా అన్నది ఒప్పందంలోని షరతును బట్టి ఉంటుందని కూడా అదే తీర్పు చెప్పింది కాబట్టి, సంతకం పెట్టిన ఒప్పందం నకలు తెప్పించుకుని చదవడం మొదటి పని. అయితే బలప్రయోగానికి ఏ షరతూ అనుమతి ఇవ్వదు. వసూలుకు గూండాలను పంపే పద్ధతిని సుప్రీంకోర్టు 2007లోనే తీవ్రంగా తప్పుపట్టింది. బెంజి సర్కిల్ దగ్గర డ్రైవరును కిందికి లాగితే అది వేరే ఫిర్యాదు అవుతుంది తప్ప, దానివల్ల బాకీ మాత్రం రద్దు కాదు. బండి స్వాధీనానికి కోర్టు నియమించిన న్యాయవాది, అంటే అడ్వొకేట్ కమిషనర్, ఉత్తర్వుతో వచ్చినప్పుడు అడ్డుపడటం ఇంకా ప్రమాదం.

అపోహ: చెన్నై నుంచి వచ్చిన ఆర్బిట్రేటర్ (ఒప్పందం ప్రకారం వివాదం తేల్చే మధ్యవర్తి) నోటీసు కోర్టు కాగితం కాదు, పక్కన పడేయవచ్చు.

నేను చూసినంతలో మనవాళ్లకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న నమ్మకం ఇదే. ఆర్బిట్రేటర్ ఇచ్చిన అవార్డును, అంటే తీర్పును, మధ్యవర్తిత్వ చట్టంలోని 36వ సెక్షన్ కింద సివిల్ కోర్టు డిక్రీలాగే అమలు చేస్తారు. అవార్డు ఎక్కడ వచ్చినా, మీ ఆస్తి ఉన్న చోటే నేరుగా ఈపీ (అమలు దరఖాస్తు) వేయవచ్చని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది కనుక, చెన్నైలో మీరు హాజరు కాకుండానే ఎక్స్‌పార్టీగా ముగిసిన వ్యవహారం విజయవాడలో జప్తు నోటీసుగా ఇంటికి వస్తుంది. నిజానికి గట్టి అభ్యంతరమే ఉంది: ఆ చట్టానికి 2015లో వచ్చిన సవరణ, సుప్రీంకోర్టు 2019 నాటి పెర్కిన్స్ తీర్పు తర్వాత ఫైనాన్స్ సంస్థ తనంతట తానే ఆర్బిట్రేటరును నియమించుకోవడం చెల్లదు. కానీ ఆ మాట ఎవరో ఒకరు రాతపూర్వకంగా లేవనెత్తాలి కదా. అవార్డు రద్దుకు గడువు దాని ప్రతి అందిన నాటి నుంచి 3 నెలలు, తగిన కారణం చూపితే మరో 30 రోజులు, ఆ పైన ఒక్కరోజు కూడా లేదు. మధ్యవర్తిత్వ స్థానం చెన్నై అని ఒప్పందంలో ఉంటే ఆ దరఖాస్తు కూడా అక్కడి కోర్టులోనే వేయాలి.

అపోహ: బండిని వేలం వేసుకున్నారు కాబట్టి లెక్క సరిపోయింది.

6 లక్షల బాకీ ఉన్న బండి వేలంలో 3.5 లక్షలు పలికిందనుకుంటే, మిగతా 2.5 లక్షలకు దావా వస్తుంది. యార్డు అద్దె కూడా కలిపి అడుగుతారు. వేలానికి ముందే విలువ నిర్ధారణ నివేదికను, ఖాతా వివరాలను రాతపూర్వకంగా కోరి, ధర తక్కువనిపిస్తే అప్పుడే అభ్యంతరం పంపాలి. అపరాధ రుసుమును అసలులో కలిపి దానిపై మళ్లీ వడ్డీ వేయకూడదని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది కాబట్టి, ఖాతాలో ఆ పద్దు వెతకడం మరచిపోవద్దు.

అపోహ: కిస్తీ కట్టకపోతే జైలే.

కిస్తీ బాకీ సివిల్ వ్యవహారమే. చెక్కు చెల్లకపోతే మాత్రం నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద క్రిమినల్ కేసు అవుతుంది. నోటీసు అందాక 15 రోజుల్లో చెల్లిస్తే ఆ గండం తప్పుతుంది.

అపోహ: బండిని వేరొకరికి స్టాంపు కాగితం మీద ఇచ్చేశాను, ఇక కిస్తీలు అతనివే.

అప్పు మీ పేరునే ఉంటుంది, షూరిటీ ఇచ్చిన బావమరిదినీ వదలరు. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవారితో సమానం. ఆర్‌సీ మారని బండి ప్రమాదం చేస్తే పరిహారం కూడా మీ మెడకే చుట్టుకుంటుంది.

రాజీకి లోక్ అదాలత్ మంచి దారే, కానీ అక్కడి అవార్డుపై అప్పీలు లేదు. ఎన్‌ఓసీ (బాకీ లేదన్న నిరభ్యంతర పత్రం), ఫారం 35 (ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు తీసేయడానికి ఆర్టీవోకు ఇచ్చే పత్రం) ఫలానా తేదీలోగా ఇస్తామన్న వాక్యం రాజీ పత్రంలో ఉందో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టండి. అవి లేనిదే డబ్బు మొత్తం కట్టినా ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు అలాగే ఉండిపోతుంది.