ఘనా అప్పుల కథలో మార్కెట్ ఆడవాళ్లు: 1979 నుంచి ఇప్పటిదాకా

2023 మే నెలలో అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) పశ్చిమాఫ్రికా దేశం ఘనాకి 300 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ దేశం ఐఎంఎఫ్‌తో కుదుర్చుకున్న 17వ ఒప్పందం ఇది. వార్తలన్నీ బాండ్లు, వడ్డీ రేట్లు, ఘనా కరెన్సీ సెడి విలువ చుట్టూనే తిరిగాయి. అక్రా, కుమాసి మార్కెట్లలో టమాటాలు, పెండలం దుంపలు, ఎండుచేపలు, బట్టలు అమ్ముకునే ఆడవాళ్ల గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. ఈ కథలో మొదటినుంచీ దెబ్బ తింటున్నది మాత్రం వాళ్లే.

1979లో జెర్రీ రాలింగ్స్ అనే సైనికాధికారి నాయకత్వంలో సైనికులు అధికారం పట్టారు. అప్పటికే ధరలు మండిపోతున్నాయి, సరుకులు దొరకట్లేదు. తప్పంతా వ్యాపారం చేసే ఆడవాళ్లదేనని, సరుకు దాచి లాభాలు గుంజుతున్నారని ముద్ర వేశారు. ఆగస్టులో అక్రాలోని మకోలా నంబర్ 1 మార్కెట్‌ని నేలమట్టం చేశారు, కొందరిని జనం ముందే కొరడాలతో కొట్టారు. అసలు కారణాలు వేరు. సెడి అధికారిక విలువని డాలరుకి 2.75 దగ్గరే కట్టేసి ఉంచారు, కోకో ఉత్పత్తి పడిపోయింది, దిగుమతులకి విదేశీ మారకం లేదు. దీన్లో ఏ ఒక్కటీ మార్కెట్లో గంప పెట్టుకు కూర్చున్న మనిషి చేతిలో లేదు.

1983 నాటికి పరిస్థితి ఇంకా దిగజారింది. కరువు, కార్చిచ్చులు, దానికి తోడు నైజీరియా దాదాపు పది లక్షల మంది ఘనా వాళ్లని వెళ్లగొట్టింది. ద్రవ్యోల్బణం 100 శాతం దాటింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో, 1981 చివర్లో మళ్లీ అధికారం పట్టిన రాలింగ్స్ ప్రభుత్వం ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకుల మద్దతుతో ఆర్థిక పునరుద్ధరణ కార్యక్రమం మొదలుపెట్టింది. 1986కల్లా డాలరు 90 సెడిలకి చేరింది. కొట్లలో సరుకు మళ్లీ కనిపించింది, ఆర్థిక వ్యవస్థ పెరిగింది, అదంతా నిజమే. ఎవరి ఖర్చుతో పెరిగిందన్నదే అడగాల్సింది.

ఒక్క కోకో సంగతి చూడండి. రైతుకిచ్చే కోకో ధర పెంచడం ఈ కార్యక్రమంలో ముఖ్యమైన భాగం. కోకో తోటలు ఎక్కువగా మగవాళ్ల చేతుల్లో ఉంటాయి, భార్యలు ఆ తోటల్లో కూలీ లేకుండా పనిచేస్తారు. ఆడవాళ్లు సొంతంగా పండించేది, అమ్మేది చాలావరకు తిండి పంటలు, వాటికి ఆ ఆదరణ దక్కలేదు. ఘనా ఉత్తరాదిలో ఎరువుల మీద సబ్సిడీ కూడా క్రమంగా తీసేశారు. అక్కణ్ణుంచి దక్షిణాది మార్కెట్లకి వచ్చి నెత్తిన మూటలు మోసే అమ్మాయిల్ని కాయాయే అంటారు. వాళ్ల వలసకి ఇదొక్కటే కారణం కాదు గానీ, ఊళ్లో సేద్యం గిట్టకపోవడం మాత్రం పెద్ద కారణమే.

ఆసుపత్రుల విషయం ఇంకా దారుణం. 1985లో ఫీజులు బాగా పెంచారు. డబ్బు చేతిలో పెడితేనే వైద్యం, జనం దాన్ని ‘క్యాష్ అండ్ క్యారీ’ అన్నారు. ఆసుపత్రులకి వచ్చేవాళ్ల సంఖ్య పడిపోయింది. రాకపోతే జబ్బు పోతుందా? పిల్లాడికి జ్వరమొస్తే, అత్తగారు మంచాన పడితే ఇంట్లో చూసుకునేది ఆడమనిషే. ఆ రోజు ఆమె మార్కెట్‌కి వెళ్లదు, ఆ రోజు సంపాదన పోతుంది. బడ్జెట్‌లో తగ్గినట్టు కనిపించే ఖర్చు ఆమె పనిగంటల్లోకి మారిపోతుంది, ప్రభుత్వం లెక్కల్లోకి రాదు కాబట్టి దాన్ని ఆదా అనేస్తారు. ఈలోగా ప్రభుత్వ ఉద్యోగాల నుంచి, కోకో బోర్డు నుంచి వేలమందిని తీసేశారు. ఇంటికొచ్చే జీతం ఆగింది. ఉద్యోగం పోయినవాళ్లు కూడా చిన్న వ్యాపారాల్లోకే దిగడంతో మార్కెట్లో పోటీ పెరిగింది.

1987లో యునిసెఫ్ తరఫున వచ్చిన ఒక అధ్యయనం ఇలాంటి ఆర్థిక మార్పులకి (వాటినే సర్దుబాటు అంటారు) మానవీయ ముఖం ఉండాలని గట్టిగా వాదించింది. ఆ తర్వాత ఘనాలో సామాజిక నష్టాలు తగ్గించే ఒక పథకం వచ్చింది గానీ, అసలు విధానాలు మారలేదు.

2001లో ఘనా బాగా అప్పుల్లో మునిగిన పేద దేశాల పథకంలో చేరి, తర్వాత మాఫీ పొందింది. 2003లో జాతీయ ఆరోగ్య బీమా చట్టం, 2008లో గర్భిణులకి ఉచిత వైద్యం వచ్చాయి. ఇవి నిజమైన విజయాలు. కానీ ఆ మధ్యలోనే, 2007లో, ప్రభుత్వం 75 కోట్ల డాలర్ల యూరోబాండ్లు, అంటే విదేశీ మదుపరులకి డాలర్లలో తీర్చాల్సిన అప్పుపత్రాలు, అమ్మింది. అలా అప్పిచ్చేవాళ్లలో ప్రైవేటు మదుపరులు కూడా చేరారు, వడ్డీలూ పెరిగాయి.

2022లో సెడి కుప్పకూలింది. డిసెంబర్‌లో ద్రవ్యోల్బణం 54.1 శాతం, అదే నెలలో విదేశీ అప్పుల్లో చాలావాటికి చెల్లింపులు ఆపేశారు. మే నెల నుంచే మొబైల్ డబ్బు పంపకాల మీద 1.5 శాతం పన్ను వేశారు, తర్వాత ఒక శాతానికి తగ్గించి 2025లో ఎత్తేశారు. 2023 జనవరిలో వ్యాట్ 12.5 నుంచి 15 శాతానికి పెరిగింది. అంతకుముందు 2019లో 347 మైక్రోఫైనాన్స్ సంస్థల లైసెన్సులు రద్దయ్యాయి, చిన్న వ్యాపారుల పొదుపు ఎక్కువగా దాచుకునేది అలాంటి చోట్లే.

ఇక నష్టం ఎవరు ఎంత భరించాలన్న బేరం. దేశంలో అమ్మిన పాత బాండ్లకి బదులు తక్కువ వడ్డీ, ఎక్కువ గడువు ఉన్న కొత్తవి ఇచ్చే మార్పిడికి వ్యతిరేకంగా పింఛనుదారులు ఆర్థిక శాఖ ముందు ధర్నా చేశారు, మాజీ ప్రధాన న్యాయమూర్తి సోఫియా అకుఫో కూడా వాళ్లతో నిలబడ్డారు, చివరికి వాళ్లకి మినహాయింపు దొరికింది. విదేశీ బాండ్లు కొన్నవాళ్లు కమిటీలు వేసుకుని చర్చించి, అసలులో కోతకి ఒప్పుకుని, 2024 అక్టోబర్‌లో లెక్క తేల్చుకున్నారు. టమాటా గంప వెనక కూర్చున్న ఆమె చేతిలో ఏ బాండూ లేదు. పెట్టుబడి సగం కరిగిపోయినా ఆమె దాన్ని ఏ చర్చలోనూ నష్టంగా చూపించలేకపోయింది.